గేటు మూయని ఓనరమ్మ

పోయిన మంగళవారం పొద్దున్న కుక్కర్ రెండో కూత వేస్తుండగా ఫోన్ మోగింది. "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు మా నాచారం ఓనరమ్మగారి అబ్బాయి. నలభై దాటిన మనిషి, పసివాడిలా వెక్కుతున్నాడు. "దవాఖానల ఉన్నం. తెల్లారంగ పోయింది. కిరాయింటి ఓనరు లోపటికి తేవద్దంటున్నడు. ఏడికి తీస్కపోవాల్నో సమజైతలేదు అక్కా."

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. బోడుప్పల్‌లో మాకు సొంత ఫ్లాట్ ఉంది. "మా ఇంటికి తీసుకురా తమ్ముడూ" అంటే సరిపోయేది. నేను "ఒక్క నిమిషం, మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాను.

ఆవిణ్ణి తలుచుకుంటూ ఇది రాస్తున్నాను కాబట్టి ఆ ఒక్క నిమిషం సంగతి దాచి రాయడం కుదరదు. నేను పుట్టు పిరికిదాన్ని. ఆవిడకది మొదటి రోజే తెలిసిపోయింది.

మొదటి రోజంటే, ఆమె ఇంటి పై పోర్షన్‌లో మేం దిగిన రోజు. మా ఆయనకు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఉద్యోగం. పాలకొల్లు దగ్గర ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు, నేల తవ్వితే రాయి తగిలే ఊరు ఉంటుందని తెలియదు. బోరు నీళ్ళలో కందిపప్పు ఉడికేది కాదు. మధ్యాహ్నం ఏ కంపెనీ నుంచో ఘాటైన వాసన వస్తే, ఏదో పేలబోతోందని పిల్లను చంకనేసుకుని మెట్ల మీదికి పరిగెత్తేదాన్ని. ఆవిడ కింద వాకిట్లో మునగాకు దూస్తూ తలెత్తి చూసి, "గీ వాసనకే గింత ఉరుకుడైతే, ఆవకాయ పెట్టిననాడు ఊరిడిసి పోతవా బిడ్డా?" అనేది.

ఆవిడ ముఖంలో నవ్వు అంత తొందరగా కనబడదు. పొట్టి మనిషి, గట్టి గొంతు. పొద్దున్నే చీపురు పట్టుకుని వాకిలి ఊడ్చి, రోడ్డు కూడా సగం దాకా ఊడ్చేది. మోటారు ఎక్కువసేపు వేస్తే కింద నుంచి ఒకే ఒక్క కేక. ఆవిడ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపిస్తే నా గుండె జారి అరికాళ్ళలోకి వచ్చేది. ఎందుకంత భయమంటే చెప్పలేను. మన ఊరు కాని చోట, మనది కాని ఇంట్లో ఉన్నప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళంటే భయమే.

అసలు భయం మా అత్తగారు వచ్చాక మొదలైంది. ఊళ్ళో ఇల్లు అమ్మేశాం, ఇక్కడ ఫ్లాటు కొనుక్కుందామని. అమ్మమన్నది నేనే. కాగితాల మీద వేలిముద్ర వేసేటప్పుడు ఆవిడ ఒక్క మాటా అనలేదు. హైదరాబాదు బస్సెక్కి కూచున్నాక మాత్రం నా చెయ్యి పట్టుకుని, "మరి నేనెక్కడ పోవాలే అమ్మాయ్?" అని అడిగింది. నేను కిటికీ బయటికి చూశాను.

అద్దె ఇళ్ళలో కాపురం చేసినవాళ్ళకు ఆ ప్రశ్న అర్థమవుతుంది. ఇల్లు చూపించేటప్పుడు బట్టలెక్కడ ఆరేయాలో, చెత్త ఎక్కడ వేయాలో అన్నీ చెబుతారు. ఒక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. అద్దెకున్నవాళ్ళు ఆ ఇంట్లో పోకూడదు. ఆసుపత్రిలో పోతే గేటు దాటి తేకూడదు. నాచారం రాకముందు సిటీలో మేం కొన్నాళ్ళున్న వీధిలో ఒకాయన్ని తెల్లారి నుంచి మధ్యాహ్నం దాకా రోడ్డు పక్కన అంబులెన్స్‌లోనే ఉంచారు. ఆయన భార్య వెనక తలుపు పట్టుకుని నిలబడి ఉంది. కూరగాయల బండివాడు పక్కకు తప్పుకుని వెళ్ళడం నేను మేడ మీంచి చూశాను. అత్తగారు వచ్చాక నాకు అదే భయం.

వచ్చిన రెండో నెలలోనే అత్తగారు మంచం పట్టింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి, వయసైపోయింది, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఏ ఇంటికి? "నన్ను మనూరు అట్టుకెళ్ళిపోండే" అని ఒకటే గొడవ. ఊళ్ళో మా ఇంట్లో వేరేవాళ్ళ పిల్లలు ఆడుకుంటున్నారు. నేను ఆవిడ పక్కన కూచుని గుండె మీద చీర లేస్తోందా లేదా అని చూసేదాన్ని. లేవడం కాస్త ఆలస్యమైతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఆవిడ పోతుందని ఏడవాల్సిన దాన్ని, ఇక్కడ పోతుందేమోనని వణికాను. సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

అప్పుడొక తెలివితక్కువ పని చేశాం. "ముసలామె కనవడ్తలేదేంది?" అని ఓనరమ్మ అడిగితే, "అన్నోజిగూడలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళిందండీ" అన్నాను. నోటికొచ్చేసింది. ఇక అబద్ధాన్ని పెంచి పోషించాలి కదా. కిటికీలు మూసేశాం. టీవీ పెద్ద గొంతుతో పెట్టాం. దగ్గొచ్చినప్పుడల్లా అత్తగారి నోటికి తువ్వాలు అడ్డం పెట్టేదాన్ని. ఆవిడ నా వంక చూసే చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. బతికున్న మనిషిని ఇంట్లో లేదని చెప్పి దాచాను.

విచిత్రంగా, ఆ మర్నాటి నుంచే ఓనరమ్మ రోజూ ఒక స్టీలు గిన్నెతో జొన్న జావ పంపడం మొదలుపెట్టింది. "బక్కగైనవ్, తాగు" అని నాకే. నేను తలుపు సందులోంచే తీసుకునేదాన్ని. అది అత్తగారికి తాగించేదాన్ని. గోదారి మనిషికి జొన్న జావ ఎక్కుతుందా అనుకున్నాను గానీ ఒక్క చుక్క మిగిల్చేది కాదు.

ఇరవై రోజులు అలా గడిచాక, ఒక మధ్యాహ్నం చెప్పుల చప్పుడు వినబడింది. నేను తలుపు సగమే తీసి అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అన్నోజిగూడ పోయినామెను గిన్నెలు జల్ది పంపమను. నా ఇంట్ల గిన్నెలన్ని అయిపోయినయ్."

నేను తలుపు ఇంకాస్త దగ్గరికి వేశాను.

"ఆడ దగ్గితే ఈడ నా నెత్తి మీద ఇనవడుతది బిడ్డా. మస్తు పెద్ద దగ్గే ఆమెది" అంటూ నన్ను పక్కకు జరిపి లోపలికి వెళ్ళి, మంచం పక్కన నేల మీద కూచుంది. ఇంక అయిపోయింది, సామాను సర్దుకోమంటుంది అనుకున్నాను. "రెండ్రోజుల్లో ఊరికి తీసుకెళ్ళిపోతామండీ" అని గొణిగాను.

"ఏ ఊరికి? అమ్ముకున్న ఊరికా?" అంది నా వైపు తిరక్కుండానే. మా ఆయన ఎప్పుడో వాళ్ళబ్బాయితో చెప్పాడట.

అప్పుడు చెప్పింది. పెళ్ళైన కొత్తలో జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, ఉప్పల్లో ఒక్క గదిలో అద్దెకుండేవాళ్ళట. వాళ్ళ అత్త పోయింది. ఓనరు గేటుకు తాళం వేశాడు. "వాన. బజార్ల బల్ల మీద పండవెట్టినం. మా ఆయిన బండి కోసం పోయిండు. నేనొక్కదాన్నే గొడుగు వట్టుకొని నిలవడ్డ, ఆమె మొఖం తడుస్తదని. నా మీద వడ్డ వాన నాకు తెల్వనే తెల్వదు." ఏడవలేదు. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "గా దినమే అనుకున్న. నాకంటు నాలుగు గోడలైతే గేటు మూయొద్దని. పుట్టిన పోరనికి కిరాయిల్లు, సొంతిల్లు తెలుస్తదా? పోయేటోళ్ళకు గూడ తెల్వదు. బతికున్నోళ్ళకే ఈ లొల్లంత."

తర్వాత మా అత్తగారి చెవి దగ్గరికి వంగి గట్టిగా, "పెద్దమ్మా, ఫికర్ జెయ్యకు. నా ఇంట్లనే పో. మంచిగ పో" అంది.

ఇలాంటి మాట విని సంతోషించిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా అత్తగారు ఆ సాయంత్రం లేచి కూచుని, రొయ్యల వేపుడు కావాలంది. చచ్చిపోవచ్చని అనుమతి దొరికాక ఆవిడ ఇంకో ఐదు నెలలు బతికింది. ఓనరమ్మ రోజూ వచ్చి, "పొమ్మంటె పోతలేవు గదా!" అని వేళాకోళమాడేది. ఇద్దరూ ఒకరి భాషను ఒకరు ఎగతాళి చేసుకుంటూ తమలపాకులు నమిలేవాళ్ళు. ఊరి మీద బెంగ పోలేదు, కానీ దాని గురించి మాట్లాడడానికి ఒక మనిషి దొరికింది. కాలవ గట్టు, తాటి ముంజలు, రేవులో బట్టలుతుక్కోవడం ఆవిడ చెబుతుంటే ఈవిడ జనగామ జొన్నచేల గురించి చెప్పేది.

అత్తగారు పోయిన రోజున ఆవిణ్ణి కింద ఓనరమ్మ సొంత హాల్లోనే పడుకోబెట్టారు. మెట్ల మలుపులో కష్టమని చెప్పి, తన మంచం పక్కకు లాగేసి, తనే నేల తుడిచింది. పక్క పోర్షన్‌వాళ్ళు ఆ వారమే ఖాళీ చేసి వెళ్ళిపోయారు. "పోనీ, ఇల్లు గాలాడుతది" అంది. అంతే.

తర్వాత మేం బోడుప్పల్ ఫ్లాట్‌కి మారిపోయాం. పండగకీ పబ్బానికీ ఫోన్లు, అప్పుడప్పుడూ రాకపోకలు. రెండేళ్ళ కింద వాళ్ళ పిల్లలు ఆ ఇంటిని అపార్ట్‌మెంట్ కట్టడానికి ఇచ్చారు. అది పూర్తయ్యేదాకా ఉప్పల్లో మూడో అంతస్తులో అద్దెకు దిగారు. చూడ్డానికి వెళ్ళాను. కిటికీలోంచి మెట్రో పిల్లర్లు తప్ప ఏమీ కనబడవు. ఊడవడానికి వాకిలి లేదు. మంచం మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది, ఎవరింటికో చుట్టంగా వచ్చినట్టు.

"ఈడి నీళ్ళు గొంతు దిగుతలెవ్వు బిడ్డా" అంది. ఆటోలో పావుగంట దూరం తన ఇల్లు! వారానికోసారి కొడుకును పోరి అక్కడికి వెళ్ళి చూసొచ్చేదట. "నా ఇల్లు గుంతైంది. గుంతను సూసొస్తున్న." నవ్వబోయి ఆగి, నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ భయపడగా చూడడం నాకదే మొదలు.

"ఈడుండంగ నాకేమన్న అయితే ఎట్ల? ఈ ఓనరు మంచోడే. గని మంచోళ్ళే ఎక్కువ భయపడతరు."

"మా ఇల్లు లేదా ఏంటండీ? అక్కడికి తీసుకొచ్చేస్తాం" అన్నాను. ఎంత సులువుగా అనేశానో.

"నిజంగంటున్నవా?"

"నిజంగానే."

ఆవిడ మణికట్టు వదిలి, పడుకుంటానంది. కళ్ళు మూసుకుంటే ముఖం తేటగా ఉంది. ఆ మాట అక్కడ ఏం పని చేసిందో నాకు తెలుసు. ఐదు నెలల పాటు అలాంటి ముఖాన్ని నేను మా ఇంట్లో చూశాను.

మంగళవారం ఫోన్ పెట్టేశాక నేను ఏం చేశానో చెప్పాలి. వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింట్లోకి తిరిగాను. తొమ్మిది రోజుల్లో మా అమ్మాయికి తాంబూలాలు, ఇంట్లోనే. పెళ్ళివారికి తెలిస్తే ఏమంటారు? పక్క ఫ్లాట్‌వాళ్ళు ఏమంటారు? "అసోసియేషన్‌వాళ్ళని ఒక మాట అడగాలేమో" అన్నాడు మా ఆయన, నా ముఖం చూడకుండా. ఆయన చెడ్డవాడు కాదు. నేనూ చెడ్డదాన్ని కాదు. మాకు భయం వేసింది, అంతే. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళు ఎలా ఉంటారో అనుకునేదాన్ని. మామూలుగానే ఉంటారు, స్టవ్ మీద పప్పు పెట్టుకుని.

నలభై నిమిషాలు. ఆ తర్వాత ఫోన్ చేసి, "ఇక్కడికే తీసుకురా తమ్ముడూ" అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

"వద్దక్కా. మన జాగకే తెచ్చినం" అన్నాడు. మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

నాచారం వెళ్ళాను. ఇల్లు లేదు. సిమెంటు స్తంభాలు లేచి, మొదటి శ్లాబు వేసి ఉంది. గోడల్లేవు. ఏది హాలో, ఏది వంటిల్లో ఆనవాలు లేదు. కింద సెల్లార్‌లో ఒడిశా నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు కాపురముంటున్నాయి. వాళ్ళు ఇటుకలు పక్కకు పేర్చి, కంకర ఊడ్చి, నీళ్ళు చల్లారు. రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ ఆవిడ కనబడుతోందని, ఆడవాళ్ళు తమ చీరలు తెచ్చి నాలుగు స్తంభాల చుట్టూ కట్టారు. ఎరుపు, పసుపు, రెండు పచ్చవి. ఒక గది తయారైంది.

నేను బయటే నిలబడిపోయాను. ఇసక తట్ట పక్కన ఒక కూలీ ఆడమనిషి కనబడింది. నా భయమే ప్రశ్నగా నోటికి వచ్చింది, హిందీలో. ఇవాళ రాత్రి మీరు పడుకునేది ఇక్కడే కదా, మీకు భయం వేయదా?

ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదేమో అనుకున్నాను. చీరల గది వైపు చెయ్యి చూపి, "ఉన్‌కా ఘర్ హై నా, అమ్మా" అంది. ఆవిడ ఇల్లే కదా.

తర్వాత, మీరేమవుతారని అడిగింది.

"కిరాయికున్నాను" అన్నాను. "ఆవిడ ఇంట్లో."

ఆమె తల ఊపి, గాలికి ఉబ్బుతున్న పచ్చ చీర అంచు పట్టుకుని పైకెత్తి, లోపలికి రమ్మంది. నేను తల వంచుకుని లోపలికి వెళ్ళాను.