గీతలు లేని నేల

మేస్త్రికి పొగరెక్కువ. ఆ మాట ఆయన భార్యే అంటుంది, అదీ ఆయన వింటుండగా. టైల్స్ పరవడంలో ఆయనకు సాటి లేరని ఊరంతా ఒప్పుకున్నా ఆయనకు చాలదు. పరిచిన నేల మీద ఇంటివాళ్ల చేతే వేలు పెట్టించి "సందెక్కడుందో చూపించండి చూద్దాం" అని నిలదీస్తే గానీ ముద్ద దిగదు. టైలుకీ టైలుకీ మధ్య గీత కనబడిందంటే ఆయన లెక్కలో అది పని కాదు, పాపం. పెద్దాసుపత్రిలో ఆ పొడవాటి నడవా ఆయన వయసులో ఉన్నప్పుడు పరిచిందే. ఈ చివర నిలబడి చూస్తే ఆ చివరిదాకా ఒకే పలకలా తెల్లగా మెరుస్తుంది. కూతుర్ని అక్కడికి తీసుకెళ్లిన ప్రతిసారీ ఆ నేల వంక చూసుకుని మీసం దువ్వుకునేవాడు.

కూతుర్ని తీసుకెళ్లడం ఆమె పసితనం నుంచీ ఉన్నదే. అప్పట్లో పొట్ట ముందుకు పొడుచుకొచ్చి ఉంటే ముద్దుగా "బొజ్జమ్మా" అని పిలిచేవాడు. అది తిండి వల్ల వచ్చిన బొజ్జ కాదనీ, ప్లీహం ఉబ్బిందనీ తరవాత తేలింది. గౌచర్ జబ్బన్నారు. ఒంట్లో ఒక రకం కొవ్వును కరిగించాల్సిన ఎంజైమ్ చాలినంత పనిచేయదట, ఆ కొవ్వు ప్లీహంలో, కాలేయంలో, ఎముకల్లో పేరుకుంటుందట. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, పాడైన జన్యువులు రెండూ చేరితేనే ఈ జబ్బు. ఆ తరవాత ఆ పేరుతో పిలవడానికి మేస్త్రికి నోరు రాలేదు. పిల్లే కోప్పడింది.

"నా పేరు నాకిచ్చెయ్ నాన్నా. బొజ్జ నాది, నీకేంటి బాధ?"

రెండు వారాలకోసారి ఆ ఎంజైమ్‌ను నరంలోకి ఎక్కించుకుంటూనే బొజ్జమ్మ చదువుకుంది, కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి బిగించే పనిలో కుదురుకుంది.

ఇంతలో మేస్త్రి ఎడం చెయ్యి మొండికేసింది. తాపీ పట్టుకుంటే వణుకు. తరవాత కాళ్లు. గుమ్మం ముందుకు రాగానే ఎవరో నేలకు మేకులు కొట్టినట్టు పాదాలు అతుక్కుపోయేవి. పార్కిన్సన్స్ అని చెప్పిన డాక్టరమ్మ కూతురి జబ్బు సంగతి విని ఇంకో పరీక్ష చేయించి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"మీ అమ్మాయికి మీరిచ్చిన ఆ ఒక్క జన్యువే మీకు ఈ ముప్పు పెంచిందండీ. అది ఉన్నవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. కొందరికి ఇలా వస్తుంది."

"నాకు రెండున్నాయి కదా?" అని అడిగింది బొజ్జమ్మ.

"ముప్పు ఉందమ్మా. వచ్చి తీరాలని లేదు."

"ఇప్పుడు ఎక్కించుకుంటున్న మందు దాన్ని ఆపుతుందా?"

"అది మెదడులోకి వెళ్లదమ్మా," అంది డాక్టరమ్మ. అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఆ తరవాతి సూది రోజున బొజ్జమ్మ ఆసుపత్రికి రాకుండా తిన్నగా షాపుకి పోయింది. ఆ పైసారీ అంతే. తల్లి బతిమాలింది, ఏడ్చింది. "ఎలాగూ వణకాల్సిందే అయితే ఈ పొడిపించుకోవడం ఎందుకమ్మా?" అని బొజ్జమ్మ కొట్టిపారేసింది. ఎముకల నొప్పులు మళ్లీ మొదలయ్యాయి, ముక్కు నుంచి రక్తం కారింది. అయినా కదల్లేదు. భోజనాల దగ్గర తండ్రి చేతినే చూస్తూ కూర్చునేది. మేస్త్రికి ఒళ్లు మండేది. పిల్ల చూస్తున్నది తండ్రి చేతిని కాదని, రేపటి తన చేతినేనని ఆయనకు తెలుసు. తాను చతికిలబడితే అదీ చతికిలబడుతుంది.

"పందెం కాస్తావా?" అన్నాడు ఒక పొద్దున. "ఆసుపత్రి నడవా ఈ చివర్నుంచి ఆ చివరికి నా కాళ్లతో నేను దాటతా. దాటితే నువ్వు సూది వేయించుకోవాలి. చక్రాల కుర్చీ ఎక్కానా, ఇక నీ ఇష్టం, పల్లెత్తు మాట అనను."

"దాటలేవు నాన్నా."

"అయితే నీకేం భయం? పద."

సగందాకా బాగానే నడిచాడు. అక్కడ పాదాలు అతుక్కుపోయాయి. ముందు చూస్తే తెలుపు, పక్కన చూస్తే తెలుపు. గీత దాటుతున్నట్టు అడుగేస్తే కాలు కదులుతుందని, వ్యాయామం నేర్పే కుర్రాడు నేల మీద పట్టీలు అంటించి చూపించినప్పుడు మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు. జన్మంతా గీతలు చెరిపిన వాడికి గీతలా అని. ఇప్పుడు ఒక్క సందు కోసం నేలంతా కళ్లతో వెతికాడు. వెంట్రుకవాసి గీత కూడా దొరకలేదు. తన పనితనాన్ని తనే తిట్టుకోవడం ఆయనకదే మొదటిసారి.

వార్డుబాయ్ చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. బొజ్జమ్మ కళ్లనిండా నీళ్లు. "చాల్లే నాన్నా. ఇంటికి పోదాం."

"కుర్చీ అవతల పెట్టవయ్యా! బొజ్జమ్మా, నా సంచీలో రంగు దారం తియ్యి."

చెయ్యి మొండికేసినా ఆ పనిముట్ల సంచీ మాత్రం ఆయన భుజం దిగేది కాదు. నీలం పొడి పూసిన ఆ దారాన్ని బిగించి లాగి వదిలితే నేల మీద గీత పడుతుంది. చిన్నప్పుడు పని దగ్గర దాని రెండో కొస పట్టుకున్నది ఆమే. ఏం చేయబోతున్నాడో అర్థమై నోరు వెళ్లబెట్టింది.

"ఇది ఆసుపత్రి! ఎవరు తుడుస్తారు?" అని అరిచాడు వార్డుబాయ్.

"అరిచింది చాలు, ఆ కొస పట్టుకో."

ఆ గొంతుకి ఎంతమంది కూలీలు పరుగులు పెట్టారో. వార్డుబాయ్ కొస పట్టుకున్నాడు. టప్పుమని మొదటి గీత పడింది. మేస్త్రి దానికేసి కళ్లురిమి చూసి కాలెత్తాడు. కాలు లేచింది, గీత దాటింది. ఇంకో గీత, ఇంకో అడుగు.

"వంకర పోతోందే! మట్టంగా లాగు, పరువు తియ్యకు."

"నడవరా బాబూ అంటే మట్టం చూస్తాడు," అంది బొజ్జమ్మ. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు. నేల మీద మోకాళ్లతో జరుగుతూ దారం లాగుతూనే ఉంది. తను పరిచిన అంత మంచి నేలను గీతల పాలు చేస్తూ మేస్త్రి చివరిదాకా నడిచాడు, సూదుల గది గుమ్మం కూడా దాటి, బల్ల మీద దభీమని కూలబడ్డాడు.

బొజ్జమ్మ నీలం వేళ్లతో చొక్కా చెయ్యి పైకి మడుచుకుంది. నర్సు సూది గుచ్చింది.

వార్డుబాయ్ తుడుపుకర్ర పట్టుకుని గుమ్మంలోకొచ్చి విసుక్కున్నాడు. "ఇక తుడిచెయ్యనా?"

మేస్త్రి నోరు తెరిచేలోపే బొజ్జమ్మ అందుకుంది.

"తుడిచెయ్యండి. రెండు వారాలకు మళ్లీ వస్తాం. మళ్లీ గీస్తాం."