తొమ్మిదో నంబరు జెర్సీకి వచ్చిన క్యారియర్లు

నేను చెప్పే ముచ్చట్లలో సగం తీసేసి నమ్మడం మా ఇంట్లోవాళ్ళకు అలవాటు. ఈ ఒక్కదాంట్లో మాత్రం ఏమీ తీసెయ్యకండి. మరీ అనుమానంగా ఉంటే తిండి సంగతి వచ్చినచోట నెయ్యి కొంచెం తగ్గించుకోండి.

అరవైల చివర్లో సంగతి. యూనివర్సిటీ క్యాంపస్‌లో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ఒక సెంటర్ ఫార్వర్డ్ ఉండేవాడు. మాకు సీనియరన్న. ఆయన షాట్ కొడితే బంతి వలలో ఆగేది కాదట. వల చింపుకొని పోయి, లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక ఆరేసిన దుప్పట్లో చిక్కుకునేదట. చిరిగిన దుప్పటిని నేను కళ్ళారా చూశాను. అది బంతికి చిరిగిందో, మేక నమిలిందో మాత్రం అడగలేదు. ఆ ఎండాకాలం ఆయనకు బొంబాయిలో ఉద్యోగం దొరికింది. తొమ్మిదో నంబరు జెర్సీ ఖాళీ అయింది. రెండేండ్లుగా బెంచీ మీద కూర్చుని, హాఫ్ టైముకు ఆటగాళ్ళ కోసం నిమ్మకాయలు కోస్తున్న నన్ను కోచ్ సార్ పిలిచి ఆ జెర్సీ చేతిలో పెట్టాడు.

"మొదటి మ్యాచ్ మూసీ అవతలి కాలేజీతోని. ఆ ఒక్కటి చూస్తా. పనికొస్తే సీజనంతా నీదే. లేకుంటే మళ్ళ నిమ్మకాయలు కొయ్యి."

నేను మెస్సుకు పోయి అన్నం తిని వచ్చేలోపు ఆ కబురు క్యాంపస్ పక్కనున్న తార్నాకకు చేరింది. ఎట్లా చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం చౌరస్తాలో నడుస్తుంటే పాన్ డబ్బా ముందు నిలబడ్డవాళ్ళు నన్ను అంగట్లో ఎద్దును చూసినట్టు చూశారు.

"వీడేనా కొత్త తొమ్మిది? కాళ్ళు గట్ల సన్నగున్నయేంది?"

"కాళ్ళు కాదురా, పిక్క చూడు."

"పిక్క యాడున్నది చూడనీకి?"

అంతే. నా పిక్కల విషయంలో తార్నాక మొత్తం ఒక్కమాట మీదికి వచ్చింది. వీనికి తినబెట్టాలె.

మర్నాడు పొద్దున హాస్టల్ మెట్ల దగ్గర సైకిల్ బెల్లు మోగింది. లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన తాత. మా జట్టు ఆడితే ఎండ అనడు, వాన అనడు, గీత పక్కన నిలబడి రెఫరీని తిట్టడం ఆయన పని. హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్ వేలాడుతున్నది. మూత తీస్తే పాయా. మేక కాళ్ళు రాత్రంతా బొగ్గుల మీద ఉడికి, చారు మీద నూనె బంగారంలాగా తేలుతున్నది.

"తాగు బిడ్డా. కాలుకు కాలే బలం. మీ సీనియరు ఊకెనే గట్ల కొట్టిండనుకున్నవా? మూడేండ్లు నా పాయా తాగిండు. లాలాగూడల ఒక్క మేకకు కాళ్ళు మిగల్లే."

"తాతా, పొద్దుపొద్దున్నే ఇంత..."

"ఏం? ఆయనకంటె గొప్పోనివా నువ్వు?"

గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగాను.

ఆదివారం టీచరమ్మగారు వచ్చారు. బందరు వైపు మనిషి. తార్నాక మొదటి సందులో ఉంటూ బడిలో లెక్కలు చెప్పేవారు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, ఒక చేతిలో బైబిలు, ఒక చేతిలో సున్నుండల డబ్బా.

"నీ మోకాళ్ళ కోసం ప్రార్థన చేయించానయ్యా. కుడిదానికి వేరే, ఎడమదానికి వేరే. పాస్టరుగారు రెండూ కలిపి చేసేద్దామమ్మా అన్నారు. నేనే ఒప్పుకోలేదు. ఇదిగో, తిను. మీ సీనియరబ్బాయి డబ్బాడు సున్నుండలు రెండు రోజుల్లో ఊడ్చేసేవాడు. డబ్బా తళతళలాడేట్టు కడిగి మరీ పంపేవాడు, బంగారు తండ్రి."

చౌరస్తాలో హోటల్ సేట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన పంపే చాయ్ మీద మీగడలో చెంచా నిలబెడితే నిలబడేది. పక్కన బన్ను, బన్ను కడుపులో అరచేయంత మస్కా, వెన్నముద్ద. "ఖావ్ బేటా, ఖావ్! మీ సీనియర్‌కు రోజు రూముకే పంపించిన. తర్వాత చూసినవ్ కద, గోల్ మీద గోల్!"

ఇక్కడ మా గోల్‌కీపరు, గోలీ అన్న గురించి చెప్పాలి. మూడేండ్లు సీనియరన్నతో ఒకే గదిలో ఉన్నవాడు. గోల్ ముందు నిలబడితే ఎదుటివాళ్ళకు గోల్ కనబడేది కాదు. బంతిని పట్టుకోవడం ఆయన పని కాదు, ఊరికే నిలబడితే బంతే వచ్చి తగిలి వెనక్కి పోయేది. అట్లాంటి మనిషి ఈ ఏడు ఎందుకో దిగులుగా ఉన్నాడు, చిక్కుతున్నాడు కూడా. క్యారియర్ మూత చప్పుడైతే చాలు, నా గది గడప మీద ప్రత్యక్షం.

"ఏమన్న మిగిలిందారా?"

"లేదన్నా, అంతా తిన్న."

"అంతానా?" అనేవాడు, ఇంట్లో మనిషి పోయినట్టు ముఖం పెట్టి. వంగి గిన్నెలోకి తొంగి చూసి, ఏదో అనబోయి, ఊరుకుని వెళ్ళిపోయేవాడు. జెర్సీ నాకొచ్చిందని కుళ్ళేమో అనుకున్నాను.

నిజం చెప్పాలంటే అప్పటికే కడుపు వద్దంటున్నది. అయినా తిన్నాను. ఆ జెర్సీ కోసం రెండేండ్లు నిమ్మరసంతో వేళ్ళు మండించుకున్నవాణ్ణి. తినకుండా ఓడిపోతే మళ్ళీ తార్నాకలో ముఖం ఎట్లా చూపించాలి? తిని ఓడిపోతే కనీసం తప్పు మేకది.

మ్యాచ్ దగ్గరపడేసరికి నాకు పిక్కలైతే రాలేదు గాని మిగతావన్నీ వచ్చాయి. ఆ రోజు జెర్సీ తొడగడానికి ఇద్దరు కావలసి వచ్చింది. ఒకడు పైనుంచి లాగాడు. ఇంకొకడు, గోల్నాక నుంచి సైకిల్ మీద వచ్చి కుడి అంచున ఆడే మా రైట్ అవుట్, అగరుబత్తీలాంటి పోరడు, కింద కూర్చుని నా పొట్టను లోపలికి నెట్టాడు. "ఊపిరి పీల్చకు అన్నా, మ్యాచ్ అయినంక పీల్చుకుందువు."

మైదానం చుట్టూ జనం. లాలాగూడ వాళ్ళు షిఫ్టు దిగి బట్టల మీద మసితోనే వచ్చారు. ఎవరో మర్ఫా డప్పులు మోగిస్తున్నారు. టీచరమ్మగారు గొడుగేసుకుని గీత పక్కన. సేట్ తన గల్లా వదిలి వచ్చాడంటే తార్నాకలో ఎవరూ నమ్మలేదు.

విజిల్ పడింది. పరుగెత్తాను. అంటే, నేను ముందు పోతున్నాను, పాయా వెనక వస్తున్నది. నేను ఆగితే అది ఆగడం లేదు. వాళ్ళ బ్యాక్ ఆటగాడు నన్ను దాటిపోతూ, "జర కూసో అన్నా, చాయ్ తాగినంక ఆడుదాం," అన్నాడు. అంతలోనే వాళ్ళు ఒక గోల్ కొట్టారు. గోలీ అన్న పక్కకు చెయ్యి చాపాడు, బంతి ఆయన నడుము పక్క నుంచి దూరిపోయింది. పోయినేడు ఆ సందు ఉండేదే కాదు.

హాఫ్ టైములో కోచ్ సార్ నా దగ్గరికి వచ్చాడు. నిమ్మకాయల బుట్టను, చాకును మెల్లగా నా ముందుకు జరిపాడు.

"చెయ్యి అలవాటు తప్పలే గద?"

ఆ మాట నా గుండెల్లో ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

రెండో సగంలో ఇంక పరుగెత్తే ఓపిక లేదు. మైదానం నడుమ నిలబడ్డాను. బంతి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. చూస్తే నా చుట్టూ వాళ్ళ మనుషులు ముగ్గురు, భయం భయంగా. అప్పుడర్థమైంది, వల చింపే తొమ్మిదో నంబరు కథలు మూసీ దాటి వాళ్ళ కాలేజీకి కూడా పోయాయి. వాళ్ళు కాపలా కాస్తున్నది నాకు కాదు, జెర్సీకి. ముగ్గురూ నా దగ్గరుంటే కుడివైపు ఎవరున్నట్టు? మా గోల్నాక పోరడు ఒక్కడే ఉన్నాడు, ఖాళీ మైదానంలో. నిలబడ్డ చోటునుంచే బంతిని అటు పంపాను. పోరడు గాలిపటంలాగా పోయి గోల్ కొట్టాడు.

గీత పక్కనుంచి తాత గొంతు మర్ఫాను మించి వినబడింది. "చూసిన్రా! ఉర్కుతలేడు! ఉర్కే పనే లేదు! పాయా భూమిలకు దిగి నిలబెట్టింది వాణ్ణి!"

ఇంకోసారి బంతి వచ్చింది. ఈసారి నలుగురు చుట్టుముట్టారు. నేను షాట్ కొడుతున్నట్టు కాలు వెనక్కి లేపాను. నలుగురూ చేతులతో ముఖాలు కప్పుకున్నారు. బంతి మళ్ళీ కుడివైపుకు పోయింది. మళ్ళీ గోల్. చివర్లో గోలీ అన్న అడ్డంపడి ఒకటి ఆపాడు, గెలిచాం.

జనం మైదానంలోకి ఉరికొచ్చారు. నన్ను భుజాల మీదికి ఎత్తబోయారు, కొంచెం లేపి మళ్ళీ దించి, గోల్నాక పోరణ్ణి ఎత్తుకున్నారు. టీచరమ్మగారు నా మోకాళ్ళను చూసి కళ్ళు తుడుచుకున్నారు. కోచ్ సార్ దగ్గరికి వచ్చి జెర్సీ కొసను పట్టి లాగి చూశాడు.

"వాపసు తీసుకుందామంటే ఇది ఊడేటట్టు లేదు. ఉంచుకో. గాని వచ్చే మ్యాచ్‌కు ఉర్కాలె. ఊకె నిలబడేటందుకు స్తంభాలు చాలా ఉన్నయి నాకు."

ఆ సాయంత్రమే సీనియరన్న మా గదికి వచ్చాడు. మ్యాచ్ చూద్దామని బొంబాయి నుంచి సెలవు పెట్టి వచ్చాడట. కిటికీ దగ్గర వరుసగా పెట్టిన క్యారియర్లను, డబ్బాలను చూశాడు. నన్ను చూశాడు. తర్వాత మంచం మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇవన్ని నువ్వు తిన్నవా? నువ్వే?"

"మీరు తిన్నరని అందరు చెప్పిన్రు గదన్నా!"

"నేనా? పొద్దున ఒక చాయ్, మెస్సుల రెండు రొట్టెలు. పాయా తాగితే ఎవడన్న ఉర్కుతడారా?"

"మరి మూడేండ్లు అవన్ని ఎవరు..."

మాట పూర్తి కాలేదు. ఇద్దరం ఒకేసారి గడప వైపు చూశాం. గోలీ అన్న అక్కడ నిలబడి గది కప్పును చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"డబ్బా కడిగేటోణ్ణి నేనే," అన్నాడు మెల్లగా. "టీచరమ్మకు గలీజు డబ్బా ఇయ్యొద్దని."

"ఒక్కమాట చెప్పొచ్చు గదన్నా! నేను చచ్చిపోతున్న తినలేక!"

"చెప్పనని వీనికి ఒట్టేసిన," అని సీనియరన్న వైపు గడ్డం ఊపాడు. "తెలిస్తే ముసలాయన మనసు నొస్తది." కిటికీ దగ్గరి క్యారియర్ల వైపు చూశాడు. "ఇయ్యాల ఏమన్న మిగిలిందా?"

మర్నాటి నుంచి కొత్త ఏర్పాటు. కాదు, పాతదే. తాత పాయా తెచ్చి ఇచ్చేవాడు. నేను దండం పెట్టి తీసుకుని గదిలోకి పోయేవాణ్ణి. తలుపు వేసుకునేవాణ్ణి. లోపల గోలీ అన్న కళ్ళు మూసుకుని తాగేవాడు, బొక్కల్లో మూలుగ పీల్చే చప్పుడు తాతకు వినబడి, బయట మెట్ల మీద ఆయన తృప్తిగా బీడీ ముట్టించేవాడు. నేను మాత్రం మైదానం చుట్టూ పరుగెత్తాను. మెల్లమెల్లగా జెర్సీ వదులైంది. తర్వాతి మ్యాచ్‌లో ఉరికాను. ఆ తర్వాతి దాంట్లో ఇద్దరిని దాటి గోల్ కొట్టాను. వల చిరగలేదు, కొంచెం ఊగింది. నాకు అది చాలు.

తాత సైకిల్ అక్కడే పడేసి మైదానంలోకి వచ్చి నా పిక్క పట్టుకుని పిసికి చూశాడు.

"చెప్పిన్నా లేదా బిడ్డా! జర ఆలస్యమైంది గాని, పాయా ఇప్పుడు పట్టింది!"

అవతలి కొసన మా గోల్ వైపు చూశాను. గోలీ అన్న ఈ కర్ర నుంచి ఆ కర్ర దాకా నిండిపోయి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు.

"అవును తాతా," అన్నాను. "మస్తుగ పట్టింది."