ఫారిన్ స్క్రీన్ మీద నాలుగు నంబర్

నా రెండు మోకాళ్లకూ ఇప్పుడు కట్లున్నయి. ఎవరన్నా అడిగితే మెట్ల మీద జారిన అని చెప్తున్న. మీరు నావాళ్లు కాబట్టి అసలు సంగతి చెప్తా, కొంచెం మెల్లగ నవ్వుండ్రి.

దీనికంతటికీ మూలం మా ఎదురింటి యూసుఫ్ భాయ్. కిషన్‌బాగ్‌ల మా రెండిళ్ల నడుమ గల్లీ ఎంత సన్నగుంటదంటే, వాళ్లింట్ల తాలింపు పెడితే మా ఇంట్ల తుమ్ములొస్తయి. ఆయన ఉస్మాన్‌గంజ్‌ల నలభై ఏండ్లు మిర్చి దుకాణం నడిపిండు. అంత ఘాటుల బతికిన మనిషి దగ్గాలె కదా? దగ్గడు! నేనేమో బడిల లెక్కలు చెప్పి, చాక్‌పీసు పొడికే ఆయాసం తెచ్చుకున్న. ఇద్దరికీ డెబ్బై ఒకటే. ఆయనకు జుట్టు కూడా ఉంది. సరే, ఆ బాధ వేరే.

మొన్న ఆయన అల్లుడు కొత్త ట్రెడ్‌మిల్ కొనిచ్చిండు. సరిగ్గా మా కిటికీకి ఎదురుగ పెట్టిచ్చుకున్నడు. దాని స్క్రీన్ మా టీవీ అంత ఉంటది! నాలుగు స్పీడ్ మీద నడుచుకుంట ఫోన్ల మాట్లాడుతడు, నడుమ నడుమ నన్ను చూసి చెయ్యూపుతడు. ఆ చెయ్యూపుడు చూస్తే నాకు కడుపుల మండేది.

మా ఇంట్ల లేదా ట్రెడ్‌మిల్? పన్నెండేండ్ల కింద ఈ గల్లీల మొదటిది కొన్నది నేనే! ఇప్పుడు ఆ మాట ఎవరూ వినరు. పోయిన దసరాకు దాని మీద నిలబడి ఫ్యాన్ బిగిస్తుంటే స్క్రూడ్రైవర్ జారి స్క్రీన్ మీద పడ్డది, అది పగిలింది. అప్పటి నుంచి మా ఆవిడ సుశీల దాని మీద దుప్పట్లు ఆరేస్తున్నది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒక పిల్ల, "సర్, అది చాలా పాత మోడల్. ఇక పార్ట్స్ దొరకవు" అన్నది. ఆ అనుడు ఎట్లుందంటే, నా గురించే చెప్తున్నట్టు అనిపించింది.

ధూల్‌పేట్‌ల సలీం అని ఒక మెకానిక్ ఉన్నడు, మూతబడ్డ జిమ్ముల సామాను కొని బాగుచేస్తడు అని తెలిసి పోయిన. గణపతి విగ్రహాల షెడ్ల వెనక ఉంది ఆయన షాపు. ఒక షెడ్ల ఇంకా తొండం పెట్టని గణపతి కూర్చున్నడు. తొండం లేకుంటే అచ్చం మా పాత హెడ్‌మాస్టర్ లెక్కనే ఉన్నడు! కాసేపు నిలబడి చూసిన. ఇగో, మళ్ల దారి తప్పుతున్న.

సలీం వెతికి వెతికి ఒక డబ్బా తీసిండు. "మాస్టర్ సాబ్, కిస్మత్ బాగుంది. మీ మోడల్ డిస్‌ప్లేనే. కాకుంటే ఇది ఫారిన్ మాల్, బయటి దేశానికి పోయే మిషన్ల పీస్."

ఫారిన్! పాతబస్తీల ఆ మాటకు ఎంత బలముందో మీకు తెలుసు. సెంటు సీసా కానీ, టార్చిలైటు కానీ, ఫారిన్ అన్నంక ఇంకేం అడగం. నేనూ అడగలే.

సలీం ఇంటికొచ్చి నాలుగు స్క్రూలు విప్పి, వైరు కలిపి, కొత్తది బిగించిండు. ఎర్ర అంకెలు వెలిగినయి!

"ఒకసారి ఎక్కి చూడుండ్రి సాబ్."

"ఫారిన్ మాల్‌కు చూసుడేంది!" అని పంపించేసిన. వెంటనే కిటికీ దగ్గరికి పోయి, గల్లీ మొత్తం వినేటట్టు, "యూసుఫ్ భాయ్! ఫారిన్ డిస్‌ప్లే పెట్టిచ్చిన!" అన్న.

"ముబారక్ మాస్టర్ సాబ్!" అన్నడు. ముఖంల కొంచెం కూడా అసూయ లేదు. నటిస్తున్నడు అనుకున్న.

తెల్లారి ఆయన నాలుగు మీద ఎక్కిండు. నేనూ నాలుగు నొక్కిన. నిమిషం కాకముందే నా కాళ్లు నడుసుడు మాని ఉరుకుడు మొదలుపెట్టినయి! ఎదురుగ ఆయన అదే నాలుగు మీద, బిడ్డతోని ఫోన్ల మామిడికాయ తొక్కు గురించి తీరిగ్గ మాట్లాడుతున్నడు. నా కళ్లద్దాలకు చెమట పట్టింది. తీసి జేబుల పెట్టుకున్న.

"క్యా బాత్ హై, మాస్టర్ సాబ్! జాగింగా?" అని కేకేసిండు.

ఎగతాళి! స్పీడు తగ్గిద్దామంటే చెయ్యి రాలే. ఆయన రోజూ మూడు కిలోమీటర్లు చేస్తడు. నా స్క్రీన్ మీద మూడు పడేదాక నేనూ దిగలే. గిట్ల ఆరు రోజులు!

ఆరో రోజు మంచం మీద కూలబడి సుశీలను పిలిచిన. బీమా కాగితాలు ఎక్కడున్నయో, అల్మారా రెండో తాళం ఎక్కడ దాచిన్నో చెప్పిన.

"ఏమైంది నీకు?"

"నా పని అయిపోయింది సుశీలా. అదే వయసు, అదే స్పీడు. ఆయన నడుస్తుంటే నేను ఉరుకుతున్న. లోపల ఏదో చెడిపోయింది."

డాక్టర్‌కు ఫోన్ చేస్తదనుకున్న. సలీంకు చేసింది! "చెడింది మిషనో మనిషో ముందు తెల్వనీ" అన్నది.

సలీం వచ్చి స్క్రీన్ మీదికి వంగి చూసిండు. "సాబ్, కింద చిన్న అక్షరాలు చూడలేదా? ఇది మైళ్లు చూపిస్తది! నాలుగంటే గంటకు ఆరున్నర కిలోమీటర్లు. ఈ వయసుల గట్లెట్ల ఉరికిండ్రు?"

సుశీల నా దిక్కు తిరిగింది. "ముప్పై రెండేండ్లు, మైళ్లను కిలోమీటర్లు చెయ్యరాలేదని ఎంతమంది పిల్లల చెవులు మెలేసినవయ్యా?"

నేను వినిపించుకోలే. మనసుల లెక్క కడుతున్న. మూడు మైళ్లంటే దగ్గర దగ్గర అయిదు కిలోమీటర్లు! అంటే నా పని అయిపోలే! ఆరు రోజుల సంది యూసుఫ్ భాయ్‌ని దాటుకుంటనే వస్తున్న! లేచి కిటికీ దగ్గరికి పోదామంటే మోకాళ్లు లేవనియ్యలే. సుశీలతోని పిలిపించిన.

ఆయన వచ్చిండు, కుర్చీ జరుపుకొని కూర్చున్నడు. నేను గుక్క తిప్పుకోకుంట మైళ్ల సంగతంత చెప్పి, "చూసినవా యూసుఫ్ భాయ్! గెల్చిన!" అన్న.

"మాషాల్లా!" అని నిజంగనే సంతోషపడ్డడు. నా చెయ్యి పట్టుకొని ఊపిండు. తర్వాత నా మోకాళ్ల దిక్కు చూసి, మెల్లగ అడిగిండు.

"ఎవరి మీద గెల్చినవ్ భాయ్?"

"చాయ్ తాగు, చల్లారుతది" అన్న.

సుశీల ఇంకా పొయ్యి కూడా వెలిగించలే.