పట్ట లోపలి తెలుపు

మారెప్ప ఏ వస్తువునూ ముందు కంటితో చూసేవాడు కాదు. కళ్ళు మూసుకుని, అరిచేతి కింద పాత పంచె ముక్క ఒకటి పెట్టుకుని, ఆ వస్తువు పొడవునా మెల్లగా నిమిరేవాడు. గుడ్డ ఎక్కడ తట్టుకుంటే అక్కడ పెన్సిలుతో సున్న చుట్టేవాడు. ఆ సున్నలన్నిటికీ పుట్టీ పూసి, ఎమిరీ కాగితం నీళ్ళలో ముంచి రుద్ది, మళ్ళీ కళ్ళు మూసుకుని నిమిరేదాకా రంగు డబ్బా మూత తీసేవాడు కాదు.

బెళుగుప్పలో బస్సులు ఆగే చోటికి కాస్త ఇవతల అతని రేకుల షెడ్డు. ట్రాక్టరు బానెట్లు, పెళ్ళి బీరువాలు, నంబరు పలకలు, ఇవీ అతని బతుకుతెరువు. మనసు మాత్రం బొమ్మల మీద ఉండేది. బొమ్మలంటే పిల్లలు ఆడుకునేవి కాదు. వడ్రంగి గంగాధరప్ప చెక్కతోనూ ఫైబరుతోనూ చేసే పెద్ద పెద్ద నమూనాలు. గుత్తి కోట నమూనా ఒకటి, మంచమంత వెడల్పుది, ఓ బడికి చేశారు. చర్చికి గంటగోపురం నమూనా చేశారు. చిన్న వస్తువు మీద రంగు ఎట్లా పడినా కన్ను సర్దుకుంటుంది. పెద్ద నమూనా మీద అట్లా కుదరదు. ఒక పక్క కొంచెం మందంగా పడిందంటే అది మేఘం నీడలాగా దూరం నుంచే కనిపిస్తుంది.

గన్నుతో రంగు చిమ్మే ఈ విద్య అతనికి గుత్తిలో లారీ బాడీలు కట్టే షెడ్డులో ఒక ముసలి సాయిబు నేర్పాడు. అక్కడికి అతన్ని తీసుకుపోయి చేర్చింది అక్క హనుమంతమ్మ. నాయన, అమ్మ పోయేనాటికి మారెప్పకు పాలపళ్ళు కూడా సరిగ్గా ఊడలేదు. అక్క మొగుడు పెళ్ళయిన కొన్నాళ్ళకే బళ్ళారి దిక్కు పోయి మళ్ళీ రాలేదు. ఇక ఆమెకు మిగిలింది ఊరి బయట ఎర్రమట్టి చేను, ఈ తమ్ముడు.

"వీనికి సేద్యం రాదు సాయిబూ," అందట ఆ పొద్దు. "గుంటకతో దున్నమంటే బొమ్మలు గీస్తాండాడు చేన్లో. నీ దగ్గర పెట్టుకో."

సాయిబు నవ్వి పెట్టుకున్నాడు. అతను చెప్పిన మొదటి పాఠం మారెప్ప జన్మంతా మరిచిపోలేదు. "చెయ్యి ఊపేది కాదు బేటా, మనిషే నడవాల. రంగు అంచు కాడ మొదలు పెట్టేది కాదు. అంచుకు ముందే గాల్లో మొదలు పెట్టు, అంచు దాటినాక గాల్లోనే ఆపు. నడిమధ్యన నిలబడితివా, నిలబడిన కాడ కారిపోతాది."

ఒక ఏడాది శీతాకాలం ముందర గంగాధరప్ప పెద్ద పని పట్టుకొచ్చాడు. చుట్టుపక్కల గుట్టల మీద గాలిమరలు నిలబెట్టిన కంపెనీ ఒకటి అనంతపురంలో ప్రదర్శన పెడుతోంది. దానికి గాలిమర నమూనా కావాలి. స్తంభం ఇద్దరు మనుషులెత్తు. మూడు రెక్కలు, ఒక్కొక్కటి మనిషి కంటే పొడవు. మొత్తం తెలుపు, పాలలాంటి తెలుపు.

"తెలుపా?" అన్నాడు మారెప్ప. "ఈ ఎర్రదుమ్ములో తెలుపు ఎట్ల కొట్టల్లన్నా?"

"నీకు చేతకాదని చెప్పమంటావా ఏమప్పా? చెప్పేస్తా, వేరేవాణ్ని చూసుకుంటారు."

"చేతకాదని ఎవరన్న్యారు?"

ఆ తెల్ల ఎనామిల్ ఆరేదాకా దుమ్ము పడకూడదు. షెడ్డుకు మూడు వైపులే రేకులు, నాలుగో వైపు నుంచి గాలి ఎప్పుడూ ఎర్రగానే వచ్చేది. లోపల టార్పాలిన్ పట్ట కట్టి గుడారం చేసుకుంటే తప్ప పని జరగదు. వేరుశెనగ చేలల్లో చెనిక్కాయ పీకే రోజులు అవి. ఊళ్ళో ఎవరి పట్ట వాళ్ళ చేలో ఉంది. మారెప్ప అక్క దగ్గరికి పోయాడు.

ఆ ఏడు చెనిక్కాయ పండింది. ఎన్నో ఏళ్ళు విత్తనం కూడా తిరిగిరాని చేలో, చెట్టు పీకితే గుత్తులు గుత్తులుగా కాయలు వేలాడాయి. హనుమంతమ్మ కాయల కట్టె ఆరబెట్టి, కుప్పగా వామి వేసి, దాని పక్కన నీలం పట్ట మడిచి పెట్టుకుని ఉంది.

"ఒక పొద్దుకు ఇయ్యక్కా. రేపు సాయంత్రానికి తెచ్చిస్తా."

ఆమె ఆకాశం వైపు చూసింది. ఒక్క తునక మేఘం లేదు. "తీసుకపో. ఈ కాలంలో యాడ కురిసింది గనక? పట్ట పక్కన పెట్టుకునేది గూడా అలవాటుకే. మోడం పట్టిందంటే మాత్రం ఫోను చేస్తా, బండెక్కి వచ్చెయ్."

ఆ చేనుకు మోటారుబండి మీద పావుగంట దావ.

మరునాడు పొద్దున్నే మారెప్ప నేల తడిపి, పట్ట గుడారంలోపల రెక్కలు తాళ్ళకు వేలాడదీశాడు. పలచని మొదటి పూత ముందు రోజే ఆరింది. చివరి పూత మిగిలింది. అన్నం తిని మొదటి రెక్కకు కొట్టాడు. మొదటి రెక్క బాగా వచ్చింది. రెండోది ఇంకా బాగా వచ్చింది. గన్ను కడిగి మూడో దానికి రంగు వడగడుతుండగా ఫోను మోగింది.

"ఒరేయ్ మారెప్పా, మోడం పట్టింది రా. నల్లగుండాది. పట్ట తీసుకురా."

అతను గుడారం అంచు పక్కకు తొలగించి తల బయట పెట్టాడు. తూర్పున నలుపు ఉన్న మాట నిజమే. ఇట్లాంటి నలుపులు ఈ సీమలో పుట్టినవాడు ఎన్ని చూసి ఉంటాడు! వస్తాయి, ఉరుముతాయి, కళ్యాణదుర్గం గుట్టల మీదుగా ఎటో పోతాయి. అక్క కూడా నిన్న ఆ మాటే అంది గదా అనుకున్నాడు. పైగా పట్ట ఇప్పుడు తీస్తే రెండు రెక్కల మీదా దుమ్ము పడుతుంది.

"బయలుదేరినా అక్కా," అన్నాడు. "దావలో ఉండా."

ఫోను బోర్లించి డ్రమ్ము మీద పెట్టి, గన్ను ఎత్తుకున్నాడు.

అంచుకు ముందే గాల్లో మొదలు పెట్టాడు. నడిచాడు. అంచు దాటాక ఆపాడు. మళ్ళీ వెనక్కి, ముందు పడిన పూతలో సగం కలిసేటట్టు. తెలుపు ఒక పొరగా, అతుకు లేకుండా, నీటి మీద నీరు పరుచుకున్నట్టు పరుచుకుంటూ వచ్చింది. అతని ఊపిరి, అడుగు, చెయ్యి ఒకటైపోయాయి. ఫోను మళ్ళీ మోగింది. నడిమధ్యన ఆగితే కారిపోతుంది. ఆగలేదు. అది నిజమే, ఆ సమయంలో ఆగకూడదు. కానీ రెక్క పూర్తయింది. అప్పుడైనా పోవచ్చు. పైపొర బిగుసుకునేదాకా ఉందామని అక్కడే కూర్చున్నాడు. మూడోసారి ఫోను మోగలేదు.

రేకుల మీద మొదటి చినుకులు పడినప్పుడు ఎవరో గులకరాళ్ళు విసిరారనుకున్నాడు.

పట్టను రంగు తడి ఉన్న వైపు లోపలికి పెట్టి చుట్టచుట్టి, బండికి కట్టుకుని అతను చేనుకు చేరేసరికి దావ ఏరై పారుతోంది. హనుమంతమ్మ వామి మీద పడుకున్నంత పని చేస్తోంది. తన చీరలు, కంబళి, ఎరువు సంచులు, చేతికందినవన్నీ దాని మీద పరిచింది. వాటి కింద నుంచి ఎర్రనీళ్ళు కారుతున్నాయి. పక్క చేను ముత్యాలప్ప తన వామి కప్పుకుని ఆమెకు సాయం వచ్చాడు. మారెప్పను చూసి గట్టిగా అరిచాడు:

"ఏమప్పా, ఇప్పుడొస్తివా! అంతా తడిసినాక పట్ట ఎందుకు, మేము కప్పుకునేదానికా?"

మారెప్ప నోరు తెరిచే లోపల ఆమె అంది: "వాణ్నేమనొద్దు మామా. వాడు అప్పుడే బయలుదేరినాడు. బండి బురదలో దిగబడింది."

బురద మాట మారెప్ప చెప్పలేదు. ముగ్గురూ కలిసి పట్ట విప్పి వామి మీదికి లాగారు. ఒక చివర ఆమె పట్టుకుంది. వదిలినప్పుడు ఆమె రెండు అరిచేతులూ తెల్లగా ఉన్నాయి, జిగటగా, వాన నీటికి కూడా పోని తెలుపు. ఆమె అరిచేతులు చూసుకుంది. తర్వాత పట్ట లోపలి వైపు చూసింది. తెల్లని మంచులాంటి రంగు మధ్యలో, రంగు పడని చోట, పొడుగ్గా నీలంగా ఒక రెక్క ఆకారం. ఆరని రంగు.

ఆమె ఆ వైపు కిందికి వచ్చేటట్టు పట్టను తిరగేసి కప్పింది. వాన నిలిచాక మోటారు కొట్టంలోంచి కిరసనాయిలు సీసా తెచ్చుకుని, గట్టు మీద కూర్చుని, అరిచేతులు రుద్దుకుంది. మారెప్ప పక్కనే నిలబడ్డాడు. ఆమె ఒక్క మాట అడిగినా బాగుండేది. తిట్టినా, కొట్టినా బాగుండేది.

"బువ్వ తిన్న్యావా?" అని అడిగింది.

కాయలు మొలకలెత్తాయి. మొలకెత్తనివి నల్లబడ్డాయి. పశువులు కూడా ఆ కట్టె వాసన చూసి వదిలేశాయి. బాగున్న కాసిని కాయలు ఏరి, ఉప్పు వేసి ఉడకబెట్టి, ఆమె వీధంతా పంచింది. ఒక గిన్నె షెడ్డుకు తెచ్చింది. అప్పటికి గాలిమర నిలబడి ఉంది. వాన దుమ్మునంతా అణచివేయడంతో ఆ మూడు రెక్కల మీదా ఒక్క నలుసు పడలేదు. ట్యూబులైటు వెలుగు రెక్క మీద గీత గీసినట్టు, ఎక్కడా వంకర పోకుండా సాగింది. మారెప్ప తన జీవితంలో అంత నున్నని పని చేయలేదు.

హనుమంతమ్మ రెక్క మీద చెయ్యి పెట్టి నిమిరింది.

"మొద్దుబారిన నా చేతులకేం తెలుస్తాది గానీ, బాగుండాది రా. పాలమీగడ మాదిరి ఉండాది."

మారెప్ప ఉడికిన కాయ ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాడు. ఆమె చూస్తోందని ఇంకొకటి ఒలిచాడు.

ప్రదర్శన నుంచి గంగాధరప్ప ఫోను చేశాడు. చుట్టూ మైకుల మోత. "రంగు కొట్టినోడు ఎవడని అడుగుతాండారు రా! తాకి తాకి చూస్తాండారు. మైకులో పేరు చెప్తారంట, రేపు రా."

"నీ పేరే చెప్పుకో అన్నా."

"పిచ్చా ఏమన్నా?"

"నాకు పనుండాది," అని పెట్టేశాడు. పనేమీ లేదు.

తర్వాత పెద్ద నమూనాలు ఎన్నో వచ్చాయి. ఎవరైనా వేలితో నిమిరి "అబ్బ, ఎంత నున్నగా కొట్టినావప్పా" అన్నప్పుడల్లా అతను ఏదో వెతుక్కునేవాడిలా అటు తిరిగేవాడు. మొహమాటస్థుడని ఊరు పేరు పెట్టింది. అక్కకు కొత్త పట్ట కొనిచ్చాడు. ఆమె దాన్ని అటక మీద పెట్టి, పాతదే వాడింది. "ఇది గట్టిగుండాది," అనేది. ఏటా వామి వేసినప్పుడు పోయి తానే పట్ట పరిచేవాడు. తెల్ల వైపు కిందికే ఉండాలి. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. ఆ పొద్దు మాట ఎవరైనా ఎత్తితే మాత్రం ఆమె వెంటనే "వాడు దావలో ఉండ్య, బండి దిగబడింది," అనేది. ఎంత నమ్మకంగా అనేదంటే, ఆ బురద ఏ మలుపులో ఉందో కూడా చెప్పగలిగేటట్టు.

హనుమంతమ్మ మొన్న ఎండాకాలంలో పోయింది. చేలో కంప కొట్టి వచ్చి, నీళ్ళు తాగి, గోడకు ఆనుకుని కూర్చున్నది మళ్ళీ లేవలేదు.

జనం కూర్చోవడానికి నీడ కావాలని వీధి పిల్లలు కొట్టంలో దొరికిన నీలం పట్ట తెచ్చి ఇంటి ముందర నాలుగు గుంజలకు కట్టారు. ఏ వైపు పైకి ఉండాలో వాళ్ళకేం తెలుసు. మారెప్ప అక్క కాళ్ళ దగ్గర కూర్చుని తల ఎత్తేసరికి, నెత్తి మీద ఆ తెలుపు ఉంది. మధ్యలో నీలం రెక్క. ఎండ దాని గుండా దిగి అక్క ముఖం మీద పడుతోంది.

వచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే తల పైకెత్తి చూస్తున్నారు. ముత్యాలప్ప, ఇప్పుడు బాగా ముసలివాడు, కర్ర ఆనించి పక్కన కూర్చున్నాడు. అతనూ పైకి చూశాడు.

"మామా," అన్నాడు మారెప్ప. "ఆ పొద్దు నేను దావలో లేను."

ఆడవాళ్ళ ఏడుపులో ఆ మాట వినబడిందో లేదో. "ఏంది?" అన్నాడు ముత్యాలప్ప.

మారెప్ప ఈసారి అందరికీ వినబడేటట్టు అన్నాడు. "అక్క చేను తడిసిన పొద్దు నేను దావలో లేను. బండి యాడా దిగబడలేదు. షెడ్డులో రంగు కొడతాంటి."

ఏడుపులు ఒక్క క్షణం తగ్గి మళ్ళీ లేచాయి. ముత్యాలప్ప అతని వైపు చూడలేదు.

సాయంత్రం మట్టి చేసి వచ్చాక మారెప్ప ఒక్కడే గుంజల తాళ్ళు విప్పబోయాడు. ముత్యాలప్ప కర్ర గోడకు ఆనించి వచ్చి, రెండో కొస పట్టుకున్నాడు. మారెప్ప చేతికందినట్టు మడవబోతుంటే ముసలాయన ఆపాడు.

"అట్ల కాదు. తెల్లది లోపలికి పెట్టు," అన్నాడు. "మీయక్క ఎప్పుడూ ఇట్లే మడుస్తాండె."