భీమేశ్వరరావు గారింటి మిక్సరు

బరంపురం బజారులో మా మావయ్య భీమేశ్వరరావుకు కుళాయిల కొట్టుంది. ఇత్తడి సామాను చేత్తో పట్టుకుంటే చాలు, బరువు చెప్పేస్తాడు. కుళాయి బాగుచెయ్యడం మాత్రం అంతగా రాదు. ఆ సంగతి ఆయనతో అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు. వచ్చిన ప్రతి బేరంతోనూ, "మా ఇంట్లో వేణ్ణీళ్లూ సన్నీళ్లూ కలిసొచ్చే మిక్సరు పెట్టి పదేళ్లయింది, ఒక్క సుక్క కారితే నన్నడగండి" అనేవాడు. ఆ మాట మీదే కొట్టు నడుస్తోందని ఆయన నమ్మకం. పక్కన కూర్చుని సరుకు అందించే నాకు అది కంఠతా వచ్చేసింది.

తొంభై ఎనిమిదిలో ఓ ఆదివారం, అంకులిలో వాళ్లింటికి భోజనానికి వెళ్లేసరికి ఆ మిక్సరే టప్పు టప్పుమంటోంది.

"కుళాయి మిస్త్రీని పిలుద్దామా?" అన్నాను.

"ఊళ్లో మిస్త్రీలందరూ మన కొట్టుకే వస్తారు. రేపటికి బజారంతా తెలిసిపోద్ది. నా పరువేటవుతాది?" అని లుంగీ ఎగ్గట్టాడు.

మేడ మీద ట్యాంకు వాల్వు కట్టేశాడు. చన్నీళ్ల పిడి విప్పి, వాషరు మార్చి, పళ్లు బిగబట్టి మరీ బిగించాడు. వాల్వు తెరిస్తే మళ్లీ టప్పు. ఇంకో వాషరు వేసి, ఇంకా గట్టిగా తిప్పాడు. అదే టప్పు. ఆయన బనీను తడిసిపోయింది, అక్కడ పప్పు చల్లారిపోతోంది, నాకు ఒకపక్క ఆకలి, ఒకపక్క నవ్వు.

గుమ్మంలో నిలబడ్డ వాసవత్తయ్య ఇక ఉండబట్టలేకపోయింది. "సన్నీళ్లది కాదండీ, వేణ్ణీళ్లది. గీజరు కింద వాల్వు కట్టేసి సూడండి, ఆగిపోద్ది. పోయినసారి తవిటయ్య మిస్త్రీ ముందు అదే సూశాడు."

మావయ్య స్పానరు కింద పెట్టాడు. "పోయినసారేటి?"

అత్తయ్య నాలిక్కరుచుకుంది. "ఏడాదికోసారి వస్తాడు, మీరు కొట్టుకెళ్లాక. మీరేమో పిడి గట్టిగా తిప్పేస్తారు, వాషరు అరిగిపోద్ది. మీతో సెప్పొద్దని నేనే అన్నాను. అందరికీ అంత సంబరంగా సెప్పుకుంటారు కదా, ఎందుకు పాడుసెయ్యడమని."

ఆయన లేచాడు. గీజరు వాల్వు కట్టాడు, కాసేపటికి చుక్క ఆగింది. ఆ వైపు వాషరు మార్చాడు. అన్నం రెండు ముద్దలు తిని లేచిపోయాడు. నవ్విన నాకే ఆయన్ని చూస్తే జాలేసింది.

మర్నాడు కొట్టు తెరవగానే భంజనగర్ నుంచి ఒకాయన వచ్చి, మిక్సరు చేతిలోకి తీసుకుని, "కారదు కదా షావుకారూ?" అన్నాడు. ఆ వెనకే ఏదో సామాను కోసం తవిటయ్య నిలబడి, తల వంచుకుని పైపులు చూస్తున్నాడు.

మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"కారుతాదండి. మా ఇంట్లోదే ఏటా కారుతాది. కారినప్పుడు ఇదిగో, ఈ తవిటయ్యని పిలవండి."