గోడెక్కిన గడప

పోయిన వారం సత్రపట్టిలో మా బంధువుల కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్లాను. వీధి వాకిలి నుంచి వంటింటి దాకా నేలంతా ఒకే మట్టంగా ఉంది, ఎక్కడా గడప అన్నది లేదు, దాని బదులు పసుపు పట్టీ, ఎర్ర బొట్లు అచ్చువేసిన స్టిక్కరొకటి నేలకు అంటించారు. వచ్చినవాళ్లంతా దాన్ని చక్కగా తొక్కుకుంటూ లోపలికి పోతున్నారు. నాకు నవ్వొచ్చింది, అంతలోనే మా మేనత్త గుర్తొచ్చి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మన రాజపాళయం పాత ఇళ్లలో గడపంటే ఏమిటో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. పిల్లలు దాన్ని పాకి దాటాలి, పెద్దవాళ్లు కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని దాటాలి, పొరపాటున కాలు మోపామా వీపు విమానం మోతే. శుక్రవారం శుక్రవారం ఇల్లాలు దానికి పసుపు పూసి బొట్లు పెడితే గాని ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

నేను మదురైలో ఇంటీరియర్ డిజైన్ చదువుకొని వచ్చిన కొత్తలో ఊళ్లో అందరూ నన్ను కర్టెన్ల రంగులు చెప్పే పిల్ల అనుకునేవారు. కుర్చీ ఎంత ఎత్తుంటే ముసలి మోకాళ్లు లేస్తాయి, పిడి ఎక్కడుంటే వణికే చేతికి అందుతుంది అన్నదే అసలు విద్య అని నాకు గట్టి నమ్మకం, ఆ మాట పెళ్లిళ్లలో కూడా పట్టుకు వాయించేదాన్నని మా అమ్మ విసుక్కునేది. ఆ నమ్మకానికి మొదటి పరీక్ష మా మేనత్త ఇంట్లోనే వచ్చింది.

అత్తకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, నోరు మాత్రం ఎప్పటి అత్తదే. మామ పత్తి జిన్నింగు నడిపేవాడు. మనిషి బంగారం, కాకపోతే ప్రేమను కూడా పనివాళ్లకు పని పురమాయించినట్టే చూపించేవాడు. వంటమనిషిని పెట్టాడు, కొత్త కట్టడాలు మొదలెట్టకూడని ఆడిమాసం పోగానే, ఆ తర్వాతి ఆవణిలో పెరట్లో అత్తకని స్నానాలగదితో సహా ఒక గది కట్టాలని మేస్త్రీకి చెప్పేశాడు. ఆ గది ఎంత సుఖంగా ఉన్నా, అందులో చేరితే అత్త ఇక తన వంటిల్లు చూడబోదని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. ఆమె కోరింది ఒక్కటే, పొద్దున కాఫీ తన చేత్తో తానే పెట్టుకోవాలని.

వంటింటి గడప దగ్గరే చక్రాల కుర్చీ ఆగిపోయేది. మామ ప్రయత్నం చేయకపోలేదు. జిన్నింగులో పత్తి బేళ్లు దొర్లించే వాలుపలక ఒకటి తెప్పించి, గడప మీదుగా వేయించి, తనే కుర్చీ తోశాడు. చక్రం పలక ఎక్కేలోగా అత్త ఎడమచేత్తో తలుపు పట్టుకుని ఆపేసింది.

"పలక కింద ఉండేది గడప కాదా? దాని మింద ఎక్కినా తొక్కినట్టే. నాకొద్దు, ఎనక్కి తోయండి" అన్నది.

"చూసినావా పాపా, ఆమెకే ఇష్టం లేదు. ఆవణిలో రూము కట్టేస్తాము, సరియా?" అని మామ నా వైపు తిరిగాడు.

నేను చూసింది వేరు. శుక్రవారం నాడు వంటమనిషి గడపకు పసుపు పూస్తుంటే అత్త హాల్లో కూర్చుని, పసుపు పలచనైందని, బొట్లు వంకర పోయాయని సణుగుతూ ఉండేది. ఆమెకు దూరమైంది వంటిల్లొక్కటే కాదు, వంగలేక ఆ గడప కూడా దూరమైంది. అది తెలిశాక నాకు దారి దొరికింది. గడపను కోయకుండా మొత్తంగా ఊడదీసి, తలుపు పక్క గోడకు, కుర్చీలో కూర్చున్న అత్త ఎడమచేతికి అందే ఎత్తులో బిగిద్దామన్నాను.

"గడప యాడన్నా గోడెక్కతాదా?" అని మామ మండిపడ్డాడు. ఆడిలోనా అని వెనక ఎవరో నసిగారు. కొత్తది కట్టడం లేదు, ఉన్నదాన్నే జరుపుతున్నామన్నాను. దేవుడి పటం గోడమీద ఉంటే లేని తప్పు గడపకు ఎక్కడిదని, పైగా గోడెక్కితే ఇక ఏ కాలూ దాన్ని తాకదు కదా అని వాదించాను. నా మాట సరైనదని నాకు తెలుసు, అయినా అత్త కాదంటే ఆ గది కట్టడం ఖాయం. అందరం ఆమె మొహమే చూశాం. ఆమె తలుపు పక్క గోడను ఎడమచేత్తో తడిమి చూసింది.

"శుక్రవారం వద్దు. బేస్తవారమే తీసేయమను" అన్నది చివరికి. "మర్నాడు నేను పసుపు పూయాల."

గడప తీయించి, పొయ్యిబల్లను కిందికి దింపి మోకాళ్లు దూరేలా చేయించాను, అటకమీది డబ్బాలన్నీ మోచేతి ఎత్తుకు తెచ్చాను. గరిటె పిడికి, ఫిల్టరు పిడికి గాయాలకు కట్టేందుకు మన మిల్లుల్లో నేసే కట్టుగుడ్డే చుట్టాను, ఎడమచేతిలో జారకుండా. శుక్రవారం అత్త పసుపు పూసింది. ఎడంచేతి బొట్లు వంటమనిషి బొట్లకన్నా వంకర పోయాయి గాని, ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది? తర్వాత లోపలికి వెళ్లి కాఫీ పెట్టింది, సగం బల్లమీదే ఒలికింది, మిగతా సగం మామ చుక్క మిగల్చకుండా తాగాడు. ఆవణిలో మేస్త్రీ వస్తే అతనికీ అత్త చేతి కాఫీయే ఇప్పించి పంపేశాడు. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఆ తర్వాత ఎన్ని ఇళ్లు చేసినా కలగలేదు.

అత్త పోయాక ప్రతి శుక్రవారం ఆ చెక్కకు మామే పసుపు పూసేవాడు. మామ కూడా పోయాక ఆ ఇల్లు పడగొట్టారు, గడపను నేను అడిగి తెచ్చుకున్నాను.

ఒకప్పుడు నేను ఇంటింటా పోట్లాడి సాధించిన సమమట్టం నేల ఇప్పుడు ఎవరూ అడగకుండానే వస్తోంది. సత్రపట్టి ఇంట్లో చక్రాల కుర్చీ ఎక్కడికైనా పోతుంది, అది చూసి నిజంగానే సంతోషించాను. కాని పూసే చేయి లేని పసుపు చూస్తే మాత్రం మనసొప్పలేదు. మా వంటింటి పక్క గోడకు అత్త గడపను బిగించుకున్నాను, కుర్చీలో కూర్చుంటే చేయి అందే ఎత్తులోనే. ఇప్పటికైతే నిలబడి, కొంచెం వంగి పూస్తున్నాను. వంగలేని శుక్రవారం వచ్చినప్పుడు అది నా చేతికి సరిగ్గా అందుతుంది.