ఒంటికంటిన దూది

సాయంత్రం నాయన పనినుంచి వస్తే అమ్మ ఆయన్ని నేరుగా లోపలికి రానిచ్చేది కాదు. గడప బయటే నిలబెట్టి తల మొదలు పాదాల దాకా దులిపేది. నాయన దూదేకేవాడు. పొద్దంతా విల్లు మీటి దూదిని ఎగరేసి, ఇంటికొచ్చేసరికి జుట్టూ కనుబొమలూ మీసాలూ తెల్లబడిపోయి ముసలివాడిలా ఉండేవాడు. అమ్మ దులిపాక మళ్ళీ మా నాయన అయ్యేవాడు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉండేది. పరుపులో దూది పరుపుగలవాళ్ళది. ఏకేటప్పుడు నేల మీద పడిందీ వాళ్ళదే, ఊడ్చి అప్పజెప్పి రావాలి. ఒంటికి అంటుకుని ఇంటిదాకా వచ్చింది మాత్రం ఏకినవాడిది. ఎవరు పెట్టారో తెలియదు గానీ మా తాత నాటినుంచీ అంతే. రోజులు బాగున్నప్పుడు ఆ నూగుని మేము లెక్కలోకే తీసుకోలేదు. అమ్మ దులిపితే గాలికి వీధిలోకి పోయేది, ఇరుగుపొరుగువాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటూ తుమ్మేవాళ్ళు.

ఆ రోజులు పోయాయి. ఎనభైల నడుమ మా పల్నాట పత్తికి తెల్లదోమ తగిలింది. ఆకులు జిగురుపట్టి నల్లబడ్డాయి. రైతులు మందు మీద మందు కొట్టారు, దోమ పోలేదు, డబ్బు పోయింది. ఒక ఏడు అనుకుంటే రెండో ఏడూ అంతే. చిలకలూరిపేట మిల్లుల్లో పని తగ్గింది. నరసరావుపేట బజార్లో కొట్లవాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. పత్తి పండకపోతే దూదేకులవాళ్ళకి ఏం పని? కొత్త పరుపు కుట్టించేవాళ్ళు లేకుండా పోయారు. పాత పరుపు విప్పి, ఏకి, మళ్ళీ ఆ గుడ్డలోనే నింపిపొమ్మనేవాళ్ళే, వాళ్ళు కూడా ఎప్పుడో ఒకరు.

నేను అప్పటికి టెన్తులో లెక్కలు తప్పి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నానని రాస్తున్నాను గానీ మా అమ్మ ఎవరినీ కూర్చోనిచ్చే మనిషి కాదు. నాయన ఏకితే నేనూ అమ్మా దబ్బనం పట్టి పరుపు కుట్టేవాళ్ళం. అమ్మ పొదుపు ఎట్లా ఉండేదంటే, పాత పరుపు కుట్లు విప్పేటప్పుడు దారం తెగితే వీపు పగిలేది. లాగిన దారాన్ని ముడులు వేసి పుల్లకి చుట్టి మళ్ళీ వాడేది. కాచిన టీపొడిని ఎండబెట్టి రెండోసారి కాచేది. ఆ రెండో టీకి రంగు తప్ప ఏమీ ఉండదు. ఇది టీ కాదు, టీ వాళ్ళ చుట్టం అని నేనంటే గ్లాసు లాక్కునేది. అన్నంలో నూకలు, నూకల్లో గంజి, పిండి కొద్దీ రొట్టె. ఒక్క పొయ్యిలోకి మాత్రం లోటు లేదు. చేలల్లో పనికిరాని పత్తిచెట్లు పీకి కుప్పలు పోశారు, ఎవరికి కావాలంటే వాళ్ళు మోపు కట్టుకుపోవడమే. రైతు ఏడ్చుకుంటూ పీకిన కట్టె మీద మా అన్నం ఉడికింది. ఆ మంట చూస్తే నాకు ఆకలి వేసేది కాదు, అయినా తినేదాన్ని.

అన్నీ దాచినట్టే అమ్మ నాయన ఒంటికంటిన దూదినీ దాచడం మొదలుపెట్టింది. గడప ముందు పాత చీర పరిచి దాని మీద ఆయన్ని నిలబెట్టి దులిపేది. రాలింది ఏరి ఒక దిండు గలేబులో వేసి, మూతి కట్టి, అటక మీద పెట్టేది. దేనికని అడిగితే దేనికో దానికి అనేది. దేనికో నాకు తెలుసు, నాయనకీ తెలుసు. మా అక్కకి నెలలు నిండుతున్నాయి.

అక్కని మాచర్ల వైపు ఇచ్చాం. బావ నాపరాళ్ళ గనుల్లో పనిచేసేవాడు. అంతకు ముందటి చలికాలంలో తొలి కాన్పుకి అక్కని తీసుకొద్దామని అనుకుంటుండగానే, నెలలు నిండకముందే నొప్పులొచ్చి అక్కడే కనేసింది. పిడికిలంత మగబిడ్డ. చాప మీద గోనెపట్టా, దాని మీద పాత పంచె వేసి పడుకోబెట్టారట. తెల్లారేసరికి పోయాడు. బిడ్డ మరీ చిన్నవాడు, ఎక్కడున్నా బతకడని మంత్రసాని చెప్పింది. మేం వెళ్ళేసరికి అక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఏడవలేదు. అమ్మతో ఒకే మాట అంది.

"దూదేకులోళ్ళ పిల్లనమ్మా నేను. నా బిడ్డ కింద పిడికెడు దూది లేకపోయె."

ఆ మాట మా అమ్మలో ఎక్కడో దిగబడిపోయింది. ఈసారి బిడ్డ కింద పరుపు ఉండాలి. కానీ బిడ్డ పుట్టకముందు బిడ్డకని ఏదీ కుట్టకూడదు, కొనకూడదు, ఆ మాట నోటితో అనకూడదు. ఒక బిడ్డ పోయిన కడుపు, ఇంకా భయం. పైగా దూది కొనే స్థితి లేదు, పండని పత్తికి ధర ఆకాశంలో ఉంది. అందుకే అమ్మ ఆ దారి కనిపెట్టింది. దాచేది నూగే, పరుపు కాదు. ఇది దేనికని దేవుడు అడిగినా చెప్పడానికి జవాబు ఉంది.

నూగు ఎంత దాచినా గలేబు నిండదే! పనులే తక్కువ. అప్పుడు అమ్మకి ఇంకో ఆలోచన వచ్చింది. అటక మీద చిరిగిన గొంగడి ఒకటుంటే కత్తిరించి నాయనకి చేతుల్లేని చొక్కా కుట్టింది. గొంగడికి దూది అంటుకుంటే ఇక వదలదు. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దానంతట అది అంటుకుంటే మనది, అంటించుకుంటే కాదు అన్నాడు. నేనేమన్నా దూదిని పిలిచి అంటుకోమని చెప్పానా అంది అమ్మ. నాయన ఎదురుచెప్పబోయి ఆమె మొహం చూసి తొడుక్కున్నాడు. వీధిలో పిల్లలు ఎలుగుబంటి వచ్చిందని వెంటపడ్డారు, ఆయన కూడా ఎలుగుబంటిలాగా నాలుగడుగులు వేసి వాళ్ళని నవ్వించాడు. నాకు మాత్రం సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఆ చొక్కాతోనే నాయనా నేనూ బొల్లాపల్లి దారిలో ఒక ఊరికి వెళ్ళాం. పెద్ద రైతు ఇల్లు. ఏటా పరుపులు ఏకించే ఇల్లే. ఆ ఇంటావిడ మాట మొరటుగా ఉంటుంది గానీ వెనకటి రోజుల్లో మేం పని చేస్తుంటే అటు తిరిగి చూసేది కూడా కాదు. ఆ ఏడు అలా కాదు. పరుపు విప్పగానే కాటా తెప్పించి దూది తూయించింది. ఏకడం అయ్యాక మళ్ళీ తూయించింది. కష్టకాలం మనుషులకి ఖర్చు తగ్గించడమే కాదు, అనుమానం కూడా నేర్పుతుంది.

తరుగు వచ్చిందని చెప్పింది. పాత దూదిలో దుమ్ము పోతుంది కదా అన్నాడు నాయన. ఊడ్చిన దుమ్ము కూడా కాటాలో పోశాం. అయినా ఇంకా కొంచెం తక్కువే. ఆవిడ నాయన వైపు చూసింది. నాయన ఆ చలిగాలిలో చొక్కా విప్పి కాటా మీద పెట్టాడు.

"ఇది గూడా ఎయ్యండమ్మా."

ఆవిడ చొక్కా చేతిలోకి తీసుకుంది. తెల్లగా నూగుపట్టిన గొంగడి. ఎప్పుడూ లేంది ఈ ఏడు ఈ వేషమేంది సాయిబూ అని అడిగింది. నాయన తల వంచుకున్నాడు. ఒంటికంటింది మాదే అనే కట్టుబాటు ఆవిడకీ తెలుసు, ఆ మాట నాయన ఎత్తినా తప్పులేదు, ఎత్తలేదు. ఆవిడ నా వైపు తిరిగింది.

"ఏమే, ఇంట్లో ఎవరికే నెలలు?"

నేను నోరు తెరిచాను.

"అనమాక," అంది వెంటనే. "నోటితో అనమాక."

అంతటితో వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. అరుగు మీద కూర్చుని ఆ చొక్కాకున్న నూగంతా గిల్లి గిల్లి తీసింది. నల్ల గొంగడి బయటపడేదాకా తీసి, ఆ నూగుని తన దుమ్ముకుప్పలోనే పడేసి, చొక్కా నాయనకిచ్చింది. కూలి మాత్రం పైసా తగ్గించకుండా ఇచ్చింది.

విల్లు బస్సు టాపు మీద వేసి ఇంటికొస్తున్నంతసేపూ నేను ఆవిడని తిడుతూనే ఉన్నాను. నాకు కోపం వస్తే ఊరంతా వినాలి, పక్కసీట్లోవాళ్ళు కూడా విన్నారు. మా ఇంట్లో మనిషి కడుపుతో ఉన్నదని తెలిసి కూడా నూగు గిల్లుకుందే, ఆ చేతులు ఎట్లా వచ్చాయి అన్నాను. ఆమెది ఆమె తీసుకుంది, నీకెందుకు కోపం అన్నాడు నాయన. ఆ తర్వాత ఆయన గొంగడి చొక్కా తొడగలేదు. అమ్మ కూడా తొడగమనలేదు. దాన్ని ముక్కలు చేసి పొయ్యి దగ్గర మసిగుడ్డలు చేసుకుంది. మా ఇంట్లో ఏదీ ఊరికే పోయేది కాదు.

అక్క వచ్చింది. నెలలు నిండాక పెద్దాసుపత్రిలో ఆడబిడ్డని కంది. బిడ్డ బాగుంది, గొంతు ఇంకా బాగుంది. నాయన తను ఏకే ఊళ్ళన్నీ తిరిగి ఇంటికో బెల్లమ్ముక్క పెట్టి వచ్చాడు. ఆ పెద్దింటికి కూడా పెట్టానంటే నేను మూతి తిప్పుకున్నాను.

బిడ్డ ఇంటికి రాగానే అమ్మ అటక మీది గలేబు దించి చిన్న పరుపు కుట్టింది. ఎంత ముద్దుగా కుట్టిందో చెప్పలేను. కానీ నూగు నూగే. పాతదూది ఏకితే ఎగిరేది పొట్టి పోగు, దానికి పట్టు ఉండదు. బిడ్డ రెండుసార్లు తడపగానే గడ్డలు కట్టి రాళ్ళకుప్పలా అయింది. ఇది ముందే తెలియదా అని నాయనని అడిగాను. తెలుసు అన్నాడు. మరి అమ్మకి? మీ అమ్మకి నాకంటే బాగా తెలుసు, ఏదో ఒకటి దాచకుండా ఆ నెలలు గడపలేకపోయింది అన్నాడు.

అక్క ఆ గడ్డలని చేత్తో తడిమి చూసి, బిడ్డని మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఇక దించలేదు. గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది, నిద్రలో కూడా చేతులు వదిలేవి కావు. అన్నం అమ్మ కలిపి పెట్టేది. కాసేపు నాకివ్వమంటే, చలిగా ఉంది అనేది. ఎండలో కూర్చున్నా చలిగానే ఉంది అనేది. కళ్ళు పీక్కుపోయి మనిషి సగమైంది. బిడ్డ దక్కింది గానీ అక్క దక్కుతుందా అని నాకు భయం వేసింది. అమ్మ గిన్నెలు గట్టిగా తోమేది.

అప్పుడొకరోజు పొద్దున్నే ఆ పెద్దింటావిడ చంకలో దిండుతో మా వీధిలోకి వచ్చింది. అంత దూరం ఆవిడ మా ఇంటికి రావడం అదే మొదలు. మంచం వాల్చితే కూర్చుంది, బిడ్డని చూసింది, అక్క చేతుల్ని ఇంకా ఎక్కువసేపు చూసింది. దిండు నాయన ముందు పెట్టింది. తెల్లదోమ రాకముందు, తన చేలో మొదటి తీత పత్తి అమ్మకుండా ఉంచి కుట్టించుకున్న దిండట. కుట్టింది మేమే. విప్పి, ఏకి, బిడ్డకి పరుపు చెయ్యమంది.

"ఆ నూగు బిడ్డ ముక్కులోకి పోయిద్దనే ఆనాడు గిల్లిపారేసింది. ఇది అప్పుడే ఇద్దునూ, పుట్టకముందు ఇయ్యకూడదు గదా."

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ వద్దనబోయింది. ఆవిడ ఊరికే ఇస్తాననలేదని కసురుకుంది. చేను మళ్ళీ తెల్లబడ్డ ఏడు తనకి కొత్త దిండు కూలి లేకుండా కుట్టివ్వాలట. ఆ ఏడు ఎప్పుడొస్తుందో ఆవిడకీ తెలియదు. నాయన అలాగేనమ్మా అన్నాడు. నేను బస్సులో తిట్టిన తిట్లన్నీ మింగేసి, మంచినీళ్ళు ముంచి తెచ్చిచ్చాను. టీ పెడదామంటే రెండో టీ తప్ప లేదు.

ఆవిడ వెళ్ళాక నాయన మా వాకిట్లోనే విల్లు కట్టాడు. పొడుగు పోగు పత్తి, మీటిన కొద్దీ పొంగింది. చాలా రోజుల తర్వాత విల్లు శబ్దం పండగలా వినిపించింది. అమ్మ, నేను చెరోవైపునుంచి కుట్టుకొచ్చాం. దారం కోసం అమ్మ పాత పుల్ల ముట్టుకోలేదు, బజారుకి పంపించి కొత్త ఉండ తెప్పించింది. ఆ ఏడంతా మా ఇంట్లో జరిగిన దుబారా అదొక్కటే.

పరుపు తీసుకెళ్ళి అక్క పక్కన వేశాం. అక్క దాని మీద అరచెయ్యి పెట్టి అదిమింది. చెయ్యి తీస్తే దూది మళ్ళీ పైకి లేచింది. ఇంకోసారి అదిమి చూసింది. తర్వాత బిడ్డని దించింది. బిడ్డ ఒకసారి ఒళ్ళు విరుచుకుని పడుకుంది. దాని పక్కనే అక్క కూడా వాలి, మేం చూస్తుండగానే నిద్రపోయింది. ఆమె రెండు చేతులూ ఖాళీగా, అరచేతులు పైకి తెరిచి ఉన్నాయి.

నాయన గడప బయట నిలబడే లోపలికి తొంగిచూస్తున్నాడు. జుట్టూ కనుబొమలూ మీసాలూ అన్నీ తెల్లగా ఉన్నాయి. అలవాటు ప్రకారం, వచ్చి దులపమని అమ్మకి సైగ చేశాడు. అమ్మ దగ్గరికి వెళ్ళి చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేసింది.

"ఉండనీలే," అంది మెల్లగా. "తాతవైనావు గదా."